ఏమీ జరగకముందే చెప్పే కృతజ్ఞత

హీబ్రూలో అవి పన్నెండే మాటలు. యూదులు నిద్ర లేవగానే, ఇంకా పక్క మీద ఉండగానే, వాటిని పలుకుతారు. "మోదె అని లెఫనేఖా, మెలెఖ్ ఖాయ్ వెకయ్యామ్, షెహెఖెజర్తా బీ నిష్మతీ బెఖెమ్లా, రబ్బా ఎమునాతేఖా." స్త్రీలైతే మొదటి మాటను మోదా అంటారు. "జీవముగల, నిత్యుడవైన రాజా, కనికరంతో నా ప్రాణాన్ని నాకు తిరిగి ఇచ్చావు, నీ ఎదుట కృతజ్ఞత తెలుపుతున్నాను, నీ నమ్మకత్వం గొప్పది" అని భావం. ఇందులో ఆరోగ్యం ఇమ్మని అడగడం లేదు, పరీక్షలో గట్టెక్కించమని వేడుకోవడం లేదు, నిన్న జరిగిన మేలు ప్రస్తావన కూడా లేదు. యూదుల ఇళ్లలో పిల్లలకు మాటలు వచ్చీరాని వయసులోనే నేర్పే ప్రార్థన ఇది.

ఇంత చిన్న ప్రార్థన గురించి ఇంత పొడుగు వ్యాసం రాయడానికి కారణం ఉంది. కృతజ్ఞత విషయంలో మన లెక్క తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. మేలు జరిగితే కృతజ్ఞత చెబుతాం. ఎంత పెద్ద మేలైతే అంత ఘనంగా చెబుతాం. మేలు జరగనివాడికి నోరు విప్పే సందర్భమే ఉండదు. యూదుల ఉదయ ప్రార్థన ఈ లెక్కను మొదట్లోనే కొట్టివేస్తుంది. రోజు ఇంకా మొదలే కాలేదు. అది మంచి రోజో చెడ్డ రోజో తెలియదు. ఆ తెలియని క్షణంలోనే బాకీ ఒప్పుకోమంటుంది.

నేను గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబంలో పుట్టాను. మా వైపు కృతజ్ఞత కూడిక జరగని నెల ఉండదు. అబ్బాయికి అమెరికా వీసా వచ్చినా, అమ్మాయికి ఉద్యోగం దొరికినా, ఆపరేషన్ బాగా జరిగినా, కొత్త ఇంటికి స్లాబు పడినా వాకిట్లో షామియానా వేసి, పాస్టరుగారిని పిలిచి, పాటలు పాడి, మైకులో సాక్ష్యం చెప్పి, వచ్చినవాళ్లందరికీ భోజనం పెడతారు. ఆ కూడికలంటే నాకు ఇష్టమే. సంతోషాన్ని ఒంటరిగా దాచుకోకుండా పదిమందిని కూర్చోబెట్టి పంచుకోవడం మంచి అలవాటు. కానీ అక్కడికి వెళ్లినప్పుడల్లా నా చూపు వెనక వరసలో చాపల మీద కూర్చున్నవాళ్ల మీదికి పోతుంది. వీసా రాని కుర్రాడి తల్లి అక్కడే ఉంటుంది. పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లలు లేని దంపతులు అక్కడే ఉంటారు. అదే ఆపరేషన్ చేయించుకుని బతకని మనిషి భార్య కూడా ఉంటుంది. వాళ్లు పాటలు పాడతారు, ఆమేన్ అంటారు, భోజనం చేసి వెళ్లిపోతారు. మైకు మాత్రం వాళ్ల చేతికి రాదు, చెప్పుకోవడానికి సాక్ష్యం లేదు కనుక. కృతజ్ఞత గెలిచినవాళ్ల సొత్తు అయిపోయింది. ఇది నన్ను బాధపెడుతుంది. ఎవరి తప్పని వేలెత్తి చూపలేం గాని, ఈ తీరు సరైంది కాదు.

విచిత్రమేమిటంటే, దీనికి విరుగుడు మా ఇంట్లోనే ఉంది. మా నాయనమ్మ వేకువ ప్రార్థనలో విలాపవాక్యముల మూడో అధ్యాయం నుంచి రెండు వచనాలు తప్పకుండా చదివేది. "యెహోవా కృపగలవాడు, ఆయన వాత్సల్యత యెడతెగక నిలుచునది గనుక మనము నిర్మూలము కాకున్నవారము. అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది, నీవు ఎంతైన నమ్మదగినవాడవు." తెలుగు క్రైస్తవుల్లో ఈ వచనం నోటికి రానివాళ్లు తక్కువ. యూదుల పన్నెండు మాటల్లో చివరి రెండూ ఈ వచనం చివరి మాటలే. నీ నమ్మకత్వం గొప్పది.

ఆ సంగతి నాకు ముందుగా పుస్తకాల వల్ల తెలియలేదు. మా పిన్ని వల్ల తెలిసింది. తెలుగు రాష్ట్రాల నుంచి ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పని కోసం ఇజ్రాయెల్ వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో మా పిన్ని ఒకరు. టెల్ అవీవ్‌కు దగ్గర్లోని ఒక ఊళ్లో, మతిమరుపు జబ్బు ముదిరిన ఒక పెద్దావిడ దగ్గర ఆమె ఉండేది. ఆవిడను పిన్ని సవ్తా అని పిలిచేది, అమ్మమ్మ అని అర్థం. సవ్తాకు కూతురి పేరు గుర్తుండేది కాదు. పొద్దున తిన్నదీ లేనిదీ గుర్తుండేది కాదు. కానీ కళ్లు తెరవగానే ఆ పన్నెండు మాటలు వరస తప్పకుండా వచ్చేవట. "నన్ను చూసి ఎవరు నువ్వు అని అడుగుతుందిరా, ఆ మాటలు మాత్రం ఒక్కటీ మర్చిపోదు" అని పిన్ని ఫోనులో ఆశ్చర్యపోయేది. ఆ మాటలు అయ్యాక రెండు పిడుల చెంబుతో కుడి చేతి మీద, ఎడమ చేతి మీద మార్చి మార్చి మూడేసి సార్లు నీళ్లు పోయాలి. కొన్నాళ్లకు ఆ పని పిన్ని చేతికి అలవాటైంది. ఆ తరువాతే నేను యూదుల ప్రార్థన పుస్తకం, సిద్దూర్, తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. మా ఊరికి ఎంతో దూరం లేని చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదుల చిన్న సమాజం ఉంది, వాళ్లకు సినగాగు, అంటే యూదుల ప్రార్థన మందిరం, కూడా ఉంది. అంత దగ్గరి సంగతి టెల్ అవీవ్ మీదుగా తిరిగి నా దగ్గరికి వచ్చింది.

ఈ ప్రార్థన మరీ ప్రాచీనం కాదు. గలిలయ కొండల్లోని సఫేద్ పట్టణ ప్రాంతంలో ఉన్న మోషే బెన్ మఖీర్ అనే రబ్బీ, అంటే యూదు మతగురువు, రాసిన సెదెర్ హయ్యోమ్ అనే గ్రంథంలో ఇది మొదట కనిపిస్తుంది. ఆ గ్రంథం 1599లో వెనిస్‌లో అచ్చయింది. 1492లో స్పెయిన్ నుంచి యూదులను వెళ్లగొట్టాక, చెల్లాచెదురైన పండితులు ఆ తరువాతి కాలంలో సఫేద్ చేరి అక్కడ ఒక కొత్త వికాసం తెచ్చారు. యూదు ధర్మశాస్త్ర సంగ్రహమైన షుల్ఖాన్ ఆరూఖ్ రాసిన యోసేఫ్ కారో ఆ ఊళ్లో స్థిరపడినవాడే. సృష్టికర్తను సేవించడానికి ఉదయాన్నే సింహంలా బలం తెచ్చుకుని లేవాలి అన్నది ఆ గ్రంథంలో మొదటి విధి. ధర్మశాస్త్రం మొత్తం నిద్ర లేవడంతో మొదలవుతుందన్నమాట. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలు, మనవళ్ల తరం నుంచి ఉదయపు కృతజ్ఞత పుట్టిందని గుర్తుంచుకుంటే దాని బరువు తెలుస్తుంది.

అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే, యూదు పండితుల చర్చల ప్రాచీన సంకలనమైన తల్మూదులో, బెరఖోత్ అనే భాగంలో, నిద్ర లేవగానే చెప్పవలసిన ప్రార్థన ఒకటి ఉంది. "నా దేవా, నువ్వు నాలో ఉంచిన ప్రాణం పవిత్రమైంది. నువ్వే సృష్టించావు, నువ్వే రూపుదిద్దావు, నువ్వే నాలోకి ఊదావు" అని సాగుతుంది. అంత చక్కని ప్రార్థన ఉండగా మరో చిన్నది ఎందుకు అవసరమైందంటే, పాత ప్రార్థనలో దేవుని నామం ఉంది. రాత్రంతా నిద్రపోయిన చేతులు కడుక్కోకుండా ఆ నామం పలకకూడదని నియమం వచ్చింది. మరి కళ్లు తెరిచినప్పటి నుంచి చేతులు కడుక్కునే దాకా ఉన్న ఆ కొద్దిసేపు మాటేమిటి? మౌనంగా ఉండాలా? ఆ ఖాళీని పూరించడానికి నామం లేని పన్నెండు మాటలు వచ్చాయి. రాజా అని పిలుస్తారు, నామం పలకరు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది ఈ ఏర్పాటే. మన దగ్గర దేవుని ఎదుటికి వెళ్లాలంటే ముందు స్నానం, ఉతికిన బట్టలు. క్రైస్తవులమైన మేము కూడా ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని గాని గుడి మెట్లు ఎక్కం. శుభ్రతను తప్పుపట్టడం లేదు. కానీ శుభ్రపడే దాకా కృతజ్ఞతను ఆపడం యూదు పండితులకు నచ్చలేదు. నోరు కడగలేదు, జుట్టు చెదిరి ఉంది, కలలో ఏం చూశామో మనసులో ఇంకా మసగ్గా తిరుగుతోంది, అప్పుడు కూడా చెప్పగలిగే మాట ఒకటి ఉండాలని పట్టుబట్టారు. దాని కోసం పవిత్ర నామాన్నే పక్కన పెట్టారు. యోగ్యత వచ్చాక కృతజ్ఞత చెప్పడం అనే పద్ధతి ఇక్కడ చెల్లదు.

ఇక తిరిగి ఇవ్వడం అనే మాట. నిద్ర మరణంలో అరవయ్యో వంతు అని తల్మూదు చెబుతుంది. రాత్రి పడుకునేటప్పుడు యూదులు చెప్పే ప్రార్థనలో కీర్తనల్లోని ముప్పై ఒకటో కీర్తన వచనం ఉంది. "నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను." తెలుగు క్రైస్తవులకు ఈ వాక్యం వినగానే సిలువ కళ్ల ముందు కనబడుతుంది, లూకా సువార్తలో యేసు చివరి పలుకు అది. మంచి శుక్రవారం ఏడు మాటల ఆరాధనలో చివరి ప్రసంగం దాని మీదే ఉంటుంది. ఆ వాక్యం యూదుల ఇళ్లలో పండితుడూ పసివాడూ రోజూ రాత్రి దీపం ఆర్పి చెప్పుకునే మాట అని తెలిశాక, సిలువ మీది ఆ పలుకు నాకు మరింత దగ్గరైంది. రాత్రి ప్రాణాన్ని అప్పగిస్తారు. ఉదయం తిరిగి అందుకుంటారు. ప్రాచీన వ్యాఖ్యాతలు ఇంకో మాట కూడా అన్నారు. మనుషుల దగ్గర ఏదైనా దాచమని ఇస్తే అది పాతబడి తిరిగి వస్తుంది. దేవునికి అలసి సొలసిన ప్రాణాన్ని అప్పగిస్తే ఆయన కొత్తదిగా తిరిగి ఇస్తాడు. అనుదినము నూతనముగా అన్న మాటను వాళ్లు ఇలా చదివారు.

కళ్లు తెరిచాక జరిగే ప్రతి చిన్న పనికీ తల్మూదు ఒక స్తుతి కేటాయించింది. కోడి కూత వినబడితే, పగటికీ రాత్రికీ తేడా తెలిసే తెలివి ఇచ్చినవాడికి స్తుతి. కళ్లు తెరిస్తే గుడ్డివారి కళ్లు తెరిచేవాడికి, లేచి కూర్చుంటే బంధితులను విడిపించేవాడికి, బట్టలు కట్టుకుంటే దిగంబరులకు వస్త్రమిచ్చేవాడికి, నడుం నిటారుగా పెడితే వంగినవారిని లేవనెత్తేవాడికి స్తుతి. కాళ్లు నేలకు ఆనితే, నీళ్ల మీద భూమిని పరిచినవాడికి స్తుతి. ఈ చివరిది చదివినప్పుడు మా పక్కింటి బామ్మగారు గుర్తుకొచ్చారు. ఆవిడ మంచం దిగేముందు సముద్రవసనే దేవీ అని శ్లోకం చెప్పి, కాలు మోపుతున్నందుకు భూమిని క్షమాపణ అడిగేవారు. ఒకరు క్షమించమన్నారు, ఒకరు స్తుతించారు. నేల మీద కాలు మోపడం ఊరికే జరిగే పని కాదని ఇద్దరికీ తెలుసు.

కాలక్రమంలో ఈ స్తుతులన్నీ మంచం దగ్గర నుంచి సినగాగుకు చేరాయి. అక్కడ ఒకరు వరసగా చదువుతుంటే మిగతావాళ్లు ఆమేన్ అనడం ఆనవాయితీ అయింది. పన్నెండో శతాబ్దపు మహాపండితుడు మైమోనిదెస్‌కు ఇది నచ్చలేదు. కార్డోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన ఆయన తన ధర్మశాస్త్రంలో, ఏ పని జరిగితే దానికే స్తుతి చెప్పాలి, జరగనిదానికి చెప్పడం పొరపాటు అని కచ్చితంగా రాశాడు. కోడి కూత వినకపోతే దాని స్తుతి చెప్పకూడదు. పదహారో శతాబ్దంలో పోలండులోని క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సర్లెస్ దీనికి విరుద్ధమైన ఆచారాన్ని సమర్థించాడు. ఈ స్తుతులు నా ఒక్కడి గురించి కావు, లోకానికి కావలసినవి దేవుడు సృష్టించాడని చెప్పడానికి, కాబట్టి అందరూ చెప్పాలి అన్నాడు.

మైమోనిదెస్ వాదనలో నిజాయితీ ఉంది. జరగని మేలుకు పెదవులతో స్తుతి చెప్పడం అబద్ధానికి దగ్గరవుతుందన్న భయం సరైనదే. అయినా నేను ఇస్సర్లెస్ పక్షం. ఎందుకంటే ఆ వాదన ప్రకారం చూపు లేని మనిషి కూడా కళ్లు తెరిచేవాడిని స్తుతించవచ్చు. నాకు చూపు లేకపోయినా లోకంలో చూపు ఉంది, చూసేవాళ్లు నాకు దారి చూపిస్తున్నారు అని అర్థం. మా కూడికలో వెనక వరసలో కూర్చున్న తల్లికి మైకు ఇవ్వగల వాదన ఇది. పొరుగింటి వీసాకు ఆమె ఆమేన్ చెప్పడం మొహమాటం కాదు, హక్కు. అలాగే తన కొడుక్కి వీసా రాకపోయినా తన నోటితో స్తుతి చెప్పడం కూడా ఆమె హక్కే. అయితే ఆ హక్కును మేం గుర్తించాలంటే ముందు మా కూడికలు మారాలి.

ఈ స్తుతుల వరసలో మరొకటి ఉంది, దాని ముందు నేను తలవంచుతాను. మరుగుదొడ్డికి వెళ్లి వచ్చి చేతులు కడుక్కున్నాక చెప్పేది. తల్మూదులో దీనిని అబాయే అనే పండితుడు చెప్పాడు. మనిషిని జ్ఞానంతో నిర్మించి, అతనిలో రంధ్రాలూ నాళాలూ సృష్టించావు, వాటిలో ఏ ఒక్కటి తెరుచుకోకూడనప్పుడు తెరుచుకున్నా, మూసుకోకూడనప్పుడు మూసుకున్నా నీ ఎదుట నిలబడడం సాధ్యం కాదు అని దాని సారం. దీన్ని ఎలా ముగించాలన్న దానిపై పండితులు వాదించుకున్నారు. రోగులను స్వస్థపరిచేవాడా అని ఒకరు, సర్వశరీరులను స్వస్థపరిచేవాడా అని ఒకరు, అద్భుతాలు చేసేవాడా అని ఒకరు. చివరికి రవ్ పాపా, సర్వశరీరులను స్వస్థపరిచేవాడు, అద్భుతాలు చేసేవాడు అని రెండూ కలిపి చెబుదాం అన్నాడు. మూత్రవిసర్జన సవ్యంగా జరిగినందుకు ఏం మాటలు వాడాలని పెద్ద పండితులు కూర్చుని చర్చించారంటే నాకు ఆ పండితుల మీద గౌరవం పెరుగుతుంది. మా పిన్ని చేసిన పనిలో ఎక్కువ భాగం ఇదే కదా. పక్క తడిస్తే మార్చడం, శుభ్రం చేయడం, మళ్లీ పడుకోబెట్టడం. ఊళ్లో ఆ పని గురించి చులకనగా మాట్లాడినవాళ్లున్నారు. ఆ ఇంట్లో మాత్రం మరుగుదొడ్డి బయట గోడ మీద ఆ ప్రార్థన రాసి అంటించి ఉండేదట. పిన్ని చేసే పనికి అక్కడ ఒక స్తుతి ఉంది. డయాలసిస్ వార్డు బయట ఒక్కరోజు కూర్చున్నవాళ్లకు ఆ స్తుతి ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

రోజూ అవే మాటలంటే యాంత్రికం కాదా అని మావాళ్లు అడుగుతారు. సొంత మాటల్లో, మనసులోంచి వచ్చిన ప్రార్థనకే విలువ అని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. పుస్తకం చూసి చదివే ప్రార్థనను చప్పటి కూడులా చూస్తారు. ఆ భయం యూదులకూ ఉంది. ప్రార్థనను కేవలం ఒక విధిగా మార్చుకున్నవాడి ప్రార్థన వేడుకోలు కాదని రబ్బీ ఎలియెజెర్ తల్మూదుకు మూలమైన మిష్నాలో హెచ్చరించాడు. ఈ ప్రజలు పెదవులతో నన్ను ఘనపరుస్తారు, వారి హృదయం నాకు దూరం అని యెషయా ప్రవక్త అంతకు ముందే వాపోయాడు. అంత తెలిసినవాళ్లు కూడా కట్టుమాటలను వదల్లేదంటే ఆలోచించాలి.

నా జవాబు సవ్తాయే. ఆవిడకు అప్పటికప్పుడు మాటలు కూర్చుకునే శక్తి పోయింది. సొంత మాటల ప్రార్థన మాత్రమే ప్రార్థన అయితే, ఆ జబ్బు ఆవిడ నుంచి దేవుడిని కూడా తీసేసుకున్నట్టే. అలా జరగలేదు. మూడేళ్ల వయసులోనో నాలుగేళ్ల వయసులోనో ఎవరో తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పిన మాటలు ఎనభై దాటాక కూడా ఆవిడను పట్టుకుని ఉన్నాయి. మనసు నిండుగా ఉన్న రోజున మాటలు వాటంతటవే వస్తాయి, ఆ రోజు ఎవరి సాయమూ అక్కర్లేదు. మనసు ఎండిపోయిన రోజున, తల పనిచేయని రోజున, దుఃఖంతో గొంతు పూడుకుపోయిన రోజున మనకంటే ముందు ఎవరో కట్టిపెట్టిన మాటలు కావాలి. మా పిల్లలకు పరలోక ప్రార్థన తప్ప మరే కట్టుమాటా నేర్పకుండా పెంచుతున్నాం. దీనికి వాళ్లు ముసలితనంలో మూల్యం చెల్లిస్తారని నా దిగులు.

ఈ మధ్య కృతజ్ఞత డైరీలు వచ్చాయి. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక భాగంలో కొందరి చేత పది వారాల పాటు వారానికోసారి తాము కృతజ్ఞులమైన విషయాలు ఐదు దాకా రాయించారు, మరికొందరి చేత చికాకుపెట్టినవి రాయించారు. మొదటివాళ్లకు తమ జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించింది. అది మంచి పనే, చేసుకునేవాళ్లు చేసుకోండి. కానీ డైరీలో కృతజ్ఞత రాసేది నా ఆరోగ్యం కోసం, నా నిద్ర కోసం. నాకు నేనే మందు రాసుకుంటున్నాను. ఆ పన్నెండు మాటలు చెప్పేవాడు ఎదుట ఒకరు ఉన్నారని ఒప్పుకుని చెబుతాడు. నీ ఎదుట అన్న మాట పన్నెండింటిలో మూడోది. చెప్పినందుకు అతనికి హాయి కలిగిందా లేదా అన్నది అప్రస్తుతం.

మరి బతుకే భారమైనవాళ్ల సంగతి? మళ్లీ తెల్లవారిందా అని ఏడ్చే మనిషి దగ్గరకు వెళ్లి కృతజ్ఞత చెప్పు అనడం క్రూరత్వం. కుంగుబాటుతో ఉన్నవాళ్లకు వైద్యం కావాలి, ఉపదేశం కాదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. కానీ ఈ ప్రార్థన సుఖంగా ఉన్నవాళ్లు రాసుకున్నది కాదని కూడా చెప్పాలి. విలాపవాక్యములు యెరూషలేము నాశనమయ్యాక పుట్టిన ఏడుపు. క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం మందిరాన్ని తగలబెట్టింది. ఆ పుస్తకంలో పసిపిల్లలు ఆకలికి వీధుల్లో సొమ్మసిల్లుతారు. "నేను ఆయన ఆగ్రహదండముచేత బాధననుభవించిన నరుడను" అని మూడో అధ్యాయం మొదలవుతుంది. పళ్లు రాళ్లతో విరగ్గొట్టాడు, బూడిదలో పొర్లించాడు అని దేవుని మీదే ఫిర్యాదు. అలాంటి అధ్యాయం మధ్యలో అనుదినము నూతనముగా అన్న వచనం వస్తుంది. ఆ తరువాత మళ్లీ ఏడుపే. మా నాయనమ్మ ఆ రెండు వచనాలే చదివేది. పైనా కిందా ఉన్నవి కూడా చదివి ఉంటే ఇంట్లో పిల్లలమైన మాకు ఆ వచనం విలువ ఇంకా ముందే తెలిసేది.

1941లో లిథువేనియాలో, నాజీలు యూదులను నిర్బంధించిన కోవ్నో ఘెట్టోలో ఉదయ ప్రార్థన నడిపిస్తున్న ఒక మనిషి, "నన్ను బానిసగా చేయనివాడా" అన్న స్తుతి దగ్గరకు రాగానే ఆగిపోయాడు. నాజీల చేతిలో బానిసలమై ఉండగా ఈ మాట ఎలా అనమంటారు అని గొంతెత్తి దేవుడిని అడిగాడు. ప్రశ్న రబ్బీ ఎఫ్రాయిమ్ ఓష్రీ దగ్గరకు వెళ్లింది. ఆ స్తుతి శరీరపు బానిసత్వం గురించి చెప్పింది కాదు, ఇప్పుడు దాన్ని వదిలేస్తే శత్రువు మనల్ని ఏమనుకుంటున్నాడో అదే మనమూ ఒప్పుకున్నట్టవుతుంది, కాబట్టి చెప్పాలి అని ఆయన తీర్పు ఇచ్చాడు. ఆయన బతికి బయటపడి, ఘెట్టోలో తనను అడిగిన ప్రశ్నలనూ తన జవాబులనూ తరువాత ప్రచురించాడు. ఆ తీర్పు కంటే కూడా ఆ ప్రశ్న నాకు ముఖ్యం. మాట అర్థం తెలిసి పలికేవాడికే గొంతు అడ్డుపడుతుంది. యాంత్రికంగా పలికేవాడు ఆగడు.

ఈ వరసలోనే "నన్ను స్త్రీగా చేయనివాడా" అని పురుషులు చెప్పే స్తుతి ఉంది. దాన్ని నేను సమర్థించను. పురుషులకు ఎక్కువ విధులు ఉన్నాయి కాబట్టి ఆ విధుల కోసం కృతజ్ఞత అని వివరణ ఇస్తారు. వినే కూతురికి ఆ వివరణ చాలదు. యూదులే దీనితో పెనుగులాడారు. 1471లో ఇటలీలో అబ్రహాం ఫరిస్సోల్ అనే లేఖకుడు ఒక స్త్రీ కోసం రాసిన ప్రార్థన పుస్తకంలో "నన్ను పురుషుడిగా కాక స్త్రీగా చేసినవాడా" అని ఉంది. అమెరికాలోని కన్సర్వేటివ్ అనే శాఖ యూదులు 1946లో తమ ప్రార్థన పుస్తకంలో ఆ స్తుతిని "తన స్వరూపంలో నన్ను చేసినవాడా" అని మార్చారు. ఇంకొకరు కానందుకు చెప్పే కృతజ్ఞతలో పోలిక దూరుతుంది. మా కూడికల్లో సాక్ష్యాలకు పట్టిన జబ్బు కూడా అదే.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న దానికి వస్తాను. నిర్గమకాండము ఇరవై రెండో అధ్యాయంలో ఒక చట్టం ఉంది. పేదవాడి దగ్గర పైవస్త్రం కుదువ పట్టుకుంటే సూర్యాస్తమయానికి తిరిగి ఇచ్చేయాలి, రాత్రి కప్పుకోవడానికి అతనికి వేరే ఏముంది అని. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సులోని ట్రోయెస్ పట్టణంలో జీవించిన రషీ, యూదులు బైబిలుతో పాటు చదివే వ్యాఖ్యానం రాసినవాడు, మిద్రాషు అనే పాత బైబిలు వ్యాఖ్యానాన్ని అనుసరించి దీన్ని దేవుని మాటగా ఇలా వివరించాడు. నువ్వు నాకు ఎంత బాకీ ఉన్నావో చూడు. ప్రతి రాత్రీ నీ ప్రాణం నా దగ్గరకు వచ్చి లెక్క అప్పజెబుతుంది, బాకీదారుగా తేలుతుంది, అయినా దాన్ని నీకు తిరిగి ఇస్తున్నాను. నువ్వు కూడా తీసుకో, తిరిగి ఇవ్వు, తీసుకో, తిరిగి ఇవ్వు.

ఇది చదివాక ఆ పన్నెండు మాటలు నాకు వేరే ప్రార్థనలా కనిపించాయి. దేవుడు కుదువ పట్టుకునే హక్కు ఉండి కూడా పట్టుకోలేదు. బాకీ తీరకుండానే ప్రాణం తిరిగి ఇచ్చాడు. అది ఉదయాన్నే ఒప్పుకున్నవాడు, పగలు తన బాకీదారు ఇంటికి వెళ్లి ఏం చేయాలో ఆ చట్టంలోనే ఉంది. ద్వితీయోపదేశకాండము ఇరవై నాలుగో అధ్యాయం ఇంకా ముందుకు వెళుతుంది. కుదువ తీసుకోవడానికి అప్పిచ్చినవాడు బాకీదారు ఇంట్లోకి అడుగు పెట్టకూడదు, బయటే నిలబడాలి, అతనే తెచ్చి ఇవ్వాలి. తిరగలిని కుదువ పట్టకూడదు, దాన్ని పట్టుకుంటే ప్రాణాన్నే పట్టుకున్నట్టు.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల వసూళ్ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరసగా వచ్చి, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వసూలుకు వచ్చినవాళ్లు గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చున్న ఇళ్లు మా ఊళ్లోనూ ఉన్నాయి. మా పిన్ని ఇజ్రాయెల్ వెళ్లడానికి ఏజెంటుకు కట్టిన డబ్బు ఇంటి కాగితాలు కుదువ పెట్టి తెచ్చింది. మొదట్లో ఆమె సంపాదన చాలావరకు వడ్డీకే పోయింది. రాత్రంతా సవ్తా పక్కన మేలుకుని, ఒక్క కునుకు కూడా తీయకుండా తెల్లవార్చిన రోజులు ఆమెకు ఎన్నో. రాత్రంతా నిద్రపోనివాడు ప్రాణం తిరిగి ఇచ్చే స్తుతి తాను చెప్పకుండా, నిద్రపోయి లేచిన మరొకరి నోట విని ఆమేన్ అనే ఆచారం యూదుల్లో ఉంది. పిన్నికి ఆ ఆచారం సంగతి తెలియదు. తెలియకుండానే సవ్తా మాటలకు ఆమేన్ అనేది.

మా సంఘంలో వడ్డీకి ఇచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. గుడికి కానుకలిస్తారు, వేకువ ప్రార్థనకు అందరికంటే ముందు వస్తారు, అనుదినము నూతనముగా అని కళ్లు మూసుకుని చెబుతారు. అప్పుగా ఇచ్చిన అసలును వదులుకోమని నేను అడగడం లేదు. మీ బీరువాల్లో, మీ కొట్టాల్లో తిరగలి లాంటివి ఏమున్నాయో చూడండి. ఒకామె కుట్టుమిషను ఉంటుంది. ఒకాయన ఆటో ఉంటుంది. ఒకరి పాలిచ్చే గేదె ఉంటుంది, ఇంకొకరి పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. బాకీ పద్దు మీ పుస్తకంలో అలాగే ఉంచుకోండి. ఆ వస్తువులు మాత్రం ఈ వారంలో తీసుకెళ్లి వాళ్ల గుమ్మం బయట నిలబడి ఇచ్చి రండి.